మన రోడ్లకు బైక్ విండ్‌షీల్డ్: ఏ కాలానికి ఏది, ఎలా కొలవాలి, ఎలా బిగించాలి

"నా బండికి ఏ విండ్‌షీల్డ్ కొనాలి అన్నా" అని అడిగేవాళ్ళు చాలామంది ఒక మోడల్ పేరు చెప్పేస్తే చాలనుకుంటారు. అలా చెప్పడం కుదరదు. ఒకే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి హాయిగా ఉన్న గ్లాసు, ఆరడుగుల మనిషికి గాలినంతా తెచ్చి సరిగ్గా హెల్మెట్ మీదే కొడుతుంది.

పైగా "చలికి పెద్ద గ్లాసు, ఎండకు చిన్న గ్లాసు" అనే లెక్క నెల్లూరు, ప్రకాశం వైపు సగమే పనికొస్తుంది. మనల్ని ఇబ్బంది పెట్టేది చలి కాదు. మేలో పడమటి నుంచి వచ్చే వడగాలి ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వాన, దాంతోపాటు తోసే పక్కగాలి ఇంకొకటి. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని ఎంచుకుంటే మిగతా కాలాలు వాటంతటవే సర్దుకుంటాయి.

షాపుల్లో వైజర్ అంటారు, డూమ్ గ్లాస్ అంటారు, హెల్మెట్ ముందుండేదాన్నీ వైజరే అంటారు. ఇక్కడ "గ్లాసు" అన్నచోటల్లా హ్యాండిల్ ముందు నిలబడే ప్లాస్టిక్ షీటు అని తీసుకోండి.

1. ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. 40లో పట్టించుకోని గాలే 80లో ఛాతీని వెనక్కి నెడుతూ ఉంటుంది, గంట అయ్యేసరికి మెడ, భుజాలు పట్టేస్తాయి. గ్లాసు పని అక్కడ మొదలవుతుంది.

అందుకని ఇల్లు, ఆఫీసు, ట్రంక్ రోడ్డు, మార్కెట్టు, ఇంతే మీ తిరుగుడు అయితే గ్లాసు అక్కర్లేదు. ఆ డబ్బు పెట్టి ఐఎస్ఐ గుర్తున్న మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనుక్కోండి. గ్లాసు ఉన్నా హెల్మెట్ వైజర్ దించుకునే నడపాలి, గ్లాసు రాళ్ళనూ పురుగులనూ కొంతవరకే ఆపుతుంది.

షాపుకు వెళ్ళే ముందు ఇవి ఒక కాగితం మీద రాసుకోండి:

- నెలలో ఎక్కువ కిలోమీటర్లు హైవే మీదా, సింగిల్ రోడ్డు మీదా, ఊళ్ళోనా
- మామూలుగా మీరు వెళ్ళే వేగం (ఎప్పుడో ఒకసారి వెళ్ళినది కాదు)
- చీకటి పడ్డాక నడపడం ఎంత ఉంటుంది
- వెనక రోజూ ఎవరైనా కూర్చుంటారా
- బండి బరువు, సీసీ
- గ్లాసు బిగించేది హ్యాండిల్‌కా, హ్యాండిల్‌తో పాటు తిరగని బాడీకా

చివరిది చాలామంది అసలు అడగరు, కానీ పక్కగాలిలో తేడా అంతా అక్కడే తెలుస్తుంది. హ్యాండిల్‌కు బిగించిన గ్లాసును గాలి తోస్తే హ్యాండిల్ కూడా తిరుగుతుంది. బాడీకో ఫ్రేముకో బిగించిన గ్లాసును తోస్తే బండి మొత్తం కాస్త ఊగుతుంది తప్ప స్టీరింగ్ మీద నేరుగా పడదు.

100, 125 సీసీ బళ్ళకు హ్యాండిల్ మీద పొడవాటి గ్లాసు పెట్టొద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. ముందు బరువు తక్కువున్న బండి, లారీ దాటి వెళ్ళినప్పుడు వచ్చే గాలికే అల్లాడుతుంది. వాటికి మీటరు మీద ఒక జానెడు ఎత్తుండే చిన్న ఫ్లై స్క్రీన్ చాలు.

2. ఎత్తు కొలవడం: అట్టముక్క, ఒక స్నేహితుడు చాలు

సూత్రం ఒక్కటే. రోడ్డును గ్లాసు మీదుగా చూడాలి, గ్లాసులోంచి కాదు. బైక్ గ్లాసుకు వైపర్ ఉండదు. వాన రాత్రి ఎదురు లారీ లైటు పడితే గ్లాసు మీదున్న ప్రతి చుక్కా వెలుగుతుంది, దాని వెనక గేదె ఉందో గుంట ఉందో కనపడదు.

కొలిచే వరస ఇదీ:

1. టైర్లలో గాలి సరిగ్గా పెట్టండి. సెంటర్ స్టాండ్ మీద కాకుండా రెండు చక్రాల మీద బండి నిలబెట్టి ఒకరిని వెనక పట్టుకోమనండి.
2. మీరు వాడే హెల్మెట్, జాకెట్, బూట్లు వేసుకుని కూర్చోండి. ఫోటోకు కూర్చున్నట్టు నిటారుగా కాదు, గంటసేపు నడిపాక నడుం కాస్త వంగుతుంది చూడండి, అలా.
3. ముందు సుమారు 20 మీటర్ల దూరంలో రోడ్డు మీద ఒక గుర్తు చూడండి. రాయైనా, చెప్పైనా.
4. గ్లాసు వచ్చే చోట, వచ్చే వాలులోనే స్నేహితుణ్ణి అట్టముక్క పట్టుకుని మెల్లగా పైకి లేపమనండి. గుర్తు కనపడకుండా పోయిన చోట ఆపమనండి.
5. అక్కడి నుంచి రెండంగుళాలు కిందికి దించండి. అదే మీ గ్లాసు పై అంచు. చాలామందికి అది హెల్మెట్‌లో మూతి దగ్గర పడుతుంది.
6. హెడ్‌లైట్ పై అంచు నుంచి ఆ గీత దాకా టేపు పెట్టి కొలిచి రాసుకోండి.

వెనక మనిషి రోజూ ఉంటే వాళ్ళను కూర్చోబెట్టి ఇంకోసారి కొలవండి. వెనక బరువుకు బండి దిగి ముందు భాగం పైకి లేస్తుంది, గ్లాసు అంచు కూడా దాంతో లేస్తుంది. రెండు కొలతల్లో తక్కువదే తీసుకోండి.

తర్వాత అదే అట్టను గ్లాసు ఆకారంలో కత్తిరించి టేపుతో అంటించి హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పండి. క్లచ్ లీవర్, అద్దాలు, బ్రేక్ పైపు, కేబుళ్ళు, ట్యాంకు దేనికీ తగలకూడదు. హెడ్‌లైట్, ఇండికేటర్ల ముందు ఏ ముక్కా అడ్డు రాకూడదు. ఇది నిలబెట్టిన బండి మీద చేసే పరీక్ష మాత్రమే, అట్టతో రోడ్డెక్కొద్దు.

పొడవు ఎక్కువైతే గాలి తగ్గుతుందనేది సగం నిజం. నిటారుగా నిలబెట్టిన పొడవాటి గ్లాసు వెనక గాలి పలచబడుతుంది, ఆ ఖాళీలోకి పక్కల నుంచీ పైనుంచీ గాలి సుళ్ళు తిరుగుతూ వచ్చి హెల్మెట్‌ను టకటకా కొడుతుంది. కాస్త పొట్టిగా, వెనక్కి వాలి, పై అంచు దగ్గర కొంచెం పైకి మడత ఉన్న గ్లాసు అదే గాలిని తల మీదుగా శుభ్రంగా పంపేస్తుంది. కింద హెడ్‌లైట్‌కూ గ్లాసుకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉంటే ఇంకా మంచిది, లోపలికి కొంచెం గాలి వచ్చి ఆ సుళ్ళు తగ్గుతాయి.

3. ప్లాస్టిక్ ఏదో అడిగి కొనండి

మార్కెట్లో ఎక్కువగా రెండు రకాలు. అక్రిలిక్ చాలా తేటగా ఉంటుంది, గీతలు తొందరగా పడవు, కానీ రాయి తగిలితే పెళుసుగా పగులుతుంది. పాలీకార్బనేట్ దెబ్బకు గట్టిది, వంగుతుంది కానీ తేలిగ్గా పగలదు. అయితే పైన హార్డ్ కోటింగ్ లేకపోతే త్వరగా గీతలు పడతాయి, ఎండకు పసుపెక్కుతుంది.

చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల వెనక వెళ్ళేవాళ్ళు, హైవే మీద టిప్పర్ల మధ్య వెళ్ళేవాళ్ళు హార్డ్ కోటింగ్, యూవీ రక్షణ ఉన్న పాలీకార్బనేటే తీసుకోండి. మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా పలచనిది 80లో వణుకుతుంది.

బోర్డులు చేసే షాపులో అక్రిలిక్ షీటు కోయించుకుని బిగించుకుంటే చౌక అని కొందరు చేస్తున్నారు. వద్దు. అది బోర్డుకు చేసిన షీటు, పగిలితే ముక్కలు కత్తుల్లా ఉంటాయి, అవి వచ్చేది మీ మెడ మీదికే.

షాపులోనే చూడాల్సినవి:

- గ్లాసును చెయ్యి చాపి పట్టుకుని దాంట్లోంచి షట్టర్ గీతలో, తలుపు అంచో చూడండి. గ్లాసు కదిపినప్పుడు గీతలు అలల్లా ఊగితే వెనక్కి ఇచ్చేయండి
- పై అంచు గుండ్రంగా నున్నగా ఉందా, కోసినట్టు పదునుగా ఉందా
- రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్ళున్నాయా
- క్లాంపులు, నట్లు, రబ్బర్లు అన్నీ పెట్టెలో ఉన్నాయా
- మీ బండి మోడల్, సంవత్సరం పెట్టె మీద ఉందా, లేక "అన్నిటికీ పడుతుంది" అని నోటి మాటా

4. రంగు

క్లియర్ తీసుకోండి. అంచు నోటికన్నా చాలా కిందుండే చిన్న గ్లాసైతే లేత స్మోక్ పరవాలేదు, ఎందుకంటే దాంట్లోంచి మీరు చూడరు. ముదురు నలుపు, రెయిన్‌బో, పైన ఫిల్ము అంటించడం, ఇవన్నీ పగటిపూట నిలబెట్టిన బండికి అందం. చీకట్లో గుంటలో పడి ఒక్కసారి ముందుకు వంగినా ఆ నలుపులోంచే రోడ్డు చూడాల్సి వస్తుంది.

5. ఎండాకాలం: ఉక్కపోత వేరు, వడగాలి వేరు

మన ప్రాంతంలో ఈ రెంటికీ ఒకే గ్లాసు సరిపోదు.

సముద్రం వైపు, అంటే మైపాడు, కొత్తపట్నం, ముత్తుకూరు, సింగరాయకొండ వైపు, వేడికన్నా తేమ ఎక్కువ. చెమట ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి. గ్లాసు తీసేయండి, లేదా చిన్న ఫ్లై స్క్రీన్‌తో సరిపెట్టండి.

పొదిలి, కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు రోహిణి కార్తెలో వచ్చేది పొడి వడగాలి. గాలి ఒంటి వేడికన్నా వేడిగా ఉన్నప్పుడు అది చల్లబరచదు, వేడెక్కిస్తుంది. చెమట పుట్టిన క్షణంలోనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్ళు పోతున్నట్టు కూడా తెలియదు. అందుకే 42, 43 డిగ్రీల రోజున "గాలి ఆడాలి" అని గ్లాసు తీసేసి చొక్కా గుండీలు విప్పుకుని వెళ్ళడం తప్పు. అప్పుడు ఛాతీకి అడ్డుగా మధ్యస్థం గ్లాసు, పూర్తి చేతుల నూలు చొక్కా లేదా జాకెట్, ముప్పై నలభై కిలోమీటర్లకు ఒకసారి ఆగి నీళ్ళో మజ్జిగో తాగడం. పదకొండు నుంచి నాలుగు దాకా అసలు బయల్దేరకపోతే మరీ మేలు.

పెద్ద గ్లాసుతో ఇంకో ఇబ్బంది, ఇంజన్ వేడి గాలికి కొట్టుకుపోక తొడల మీదికి వస్తుంది. కింద సందు వదలమన్నది దీనికి కూడా.

ఎండలో నిలిపినప్పుడు ఒక జాగ్రత్త. వంపు ఉన్న గ్లాసు సూర్యుడి వెలుగును ఒక చుక్కలోకి తెచ్చి మీటరు మీద వేయగలదు, ఆ చుక్క పడిన చోట మీటరు ప్లాస్టిక్ కరిగిన సంఘటనలు ఉన్నాయి. నీడలో పెట్టండి, నీడ లేకపోతే మీటరు మీద ఒక గుడ్డ కప్పండి.

6. అక్టోబర్ నుంచి డిసెంబర్: అసలు పరీక్ష ఇదే

ఈ మూడు నెలల కోసమే గ్లాసు కొనేవాళ్ళు ఎక్కువ, తప్పు ఎంపిక జరిగేది కూడా ఇక్కడే. వానను ఆపడానికని తలకన్నా ఎత్తు గ్లాసు కొంటారు. వాన ఆగుతుంది, రోడ్డు కనపడదు.

ఈ కాలానికి సరైనది కంటిచూపుకు కిందే ఉండి, వెడల్పు భుజాల దాకా కాకుండా ఛాతీ దాకా ఉండే క్లియర్ గ్లాసు. వెడల్పు పెరిగేకొద్దీ పక్కగాలికి తెరచాప ఎత్తినట్టే.

పక్కగాలి ఎక్కడ తగులుతుందో ముందే తెలిసి ఉండాలి. పెన్నా వంతెన మీద, హైవే ఫ్లైఓవర్ల మీద, చెట్లు అయిపోయి రెండు వైపులా చేలు మొదలైన చోట, లారీని దాటుతూ దాని నీడలోంచి బయటికి వచ్చిన క్షణంలో. అప్పటిదాకా మీరు తెలియకుండానే గాలి వైపు వాలి నడుపుతుంటారు, లారీ పక్కన ఉన్నంతసేపూ గాలి ఉండదు కాబట్టి నిటారుగా అవుతారు, లారీని దాటి ముందుకు రాగానే ఒక్కసారిగా కొడుతుంది.

వాన కాలానికి ముందు చేయాల్సినవి:

- గ్లాసు మీద ఎత్తు పెంచే ఎక్స్‌టెన్షన్ ముక్క ఉంటే తీసేయండి
- క్లాంపులు చేత్తో ఊపి చూడండి, గ్లాసు కదిలితే బిగించండి
- ప్లాస్టిక్ మీద వాడొచ్చని స్పష్టంగా రాసి ఉన్న మైనం లేదా రెయిన్ రిపెల్లెంట్ పలచగా రాయండి. కారు అద్దాలకని అమ్మేవాటిలో కొన్ని పాలీకార్బనేట్‌ను పాడుచేస్తాయి
- హెల్మెట్‌కు పిన్‌లాక్ (వైజర్ లోపల ఆవిరి పట్టకుండా పెట్టే రెండో పొర) పెట్టుకునే వీలుంటే పెట్టించండి. గ్లాసు వెనక గాలి తగ్గడం వల్ల హెల్మెట్ వైజర్ లోపల ఆవిరి ఎక్కువ పడుతుంది

నడిపేటప్పుడు గాలి తోస్తోందని హ్యాండిల్ గట్టిగా బిగబట్టొద్దు. చేతులు బిగిస్తే ఒంటికి తగిలిన ప్రతి తోపూ హ్యాండిల్‌లోకి వెళ్తుంది. మోకాళ్ళతో ట్యాంకు పట్టుకుని, మోచేతులు వదులుగా ఉంచి, వేగం తగ్గించండి. 60కి దిగినా హ్యాండిల్ కుదురుగా లేకపోతే పక్కకు ఆపేయడమే.

తుపాను హెచ్చరిక ఉన్న రోజు బండి బయటికి తీయొద్దు. ఇంటి దగ్గర కూడా గ్లాసు విప్పి లోపల పెట్టండి. గ్లాసు, దాని మీద కవరు, రెండూ ఉన్న బండి సైడ్ స్టాండ్ మీద నిలబడదు, పడిపోతుంది.

7. డిసెంబర్, జనవరి పొగమంచు

దీనికి ప్రత్యేకంగా గ్లాసు అక్కర్లేదు. తెల్లవారుజామున గ్లాసుకు రెండు వైపులా తేమ పట్టి పాలగాజులా మారుతుంది, గ్లాసు పై అంచు చూపుకు కిందే ఉన్నవాళ్ళకు ఇబ్బంది లేదు. చలి తగిలేది చేతి వేళ్ళకు, గ్లాసు వాటిని కాపాడదు. గ్లౌజులు లేదా హ్యాండ్ గార్డులు చూసుకోండి.

8. ఉప్పుగాలి, రొయ్యల చెరువులు, కోతలు, ఘాట్లు

సముద్రం దగ్గర, రొయ్యల చెరువుల రోడ్ల మీద తిరిగే బళ్ళకు ముందు పోయేది గ్లాసు కాదు, దాన్ని పట్టుకున్న బోల్టులు. మామూలు ఇనుప బోల్టులు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి. రొయ్యల బండి నుంచి కారిన నీళ్ళు గ్లాసు మీద పడితే ఆరనివ్వొద్దు, మంచినీళ్ళతో కడిగేయండి. ఉప్పు ఆరాక పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే గీతలు పడతాయి.

వరి ఉన్న ఊళ్ళలో సాయంత్రం అయ్యాక లైటుకు పచ్చదోమ, వాన పడ్డ మర్నాడు ఉసిళ్ళు, కోతల కాలంలో గడ్డి దుమ్ము. హెల్మెట్ వైజర్‌కు తగలకుండా వీటిని కొంతవరకు గ్లాసే భరిస్తుంది, నా దృష్టిలో చిన్న గ్లాసుకైనా పెట్టిన డబ్బు ఇక్కడే రాబడుతుంది.

దోర్నాల నుంచి శ్రీశైలం, గిద్దలూరు నుంచి నంద్యాల, ఇలాంటి నల్లమల ఘాట్లలో వేగమే ఉండదు కాబట్టి గ్లాసుతో లాభం లేదు. మలుపులో తల పక్కకు తిప్పి చూస్తాం, అప్పుడు పొడవాటి గ్లాసు వంపు అంచు సరిగ్గా చూపుకు అడ్డం వచ్చి రోడ్డు వంకరగా కనిపిస్తుంది. ఎత్తు మార్చుకునే గ్లాసైతే ఘాటు ఎక్కే ముందు కిందికి దించుకోండి.

9. బిగించే వరస

పొద్దున్నో సాయంత్రమో చల్లగా ఉన్నప్పుడు చేయండి. ఎండలో వేడెక్కిన ప్లాస్టిక్ సాగి ఉంటుంది.

1. రక్షణ ఫిల్ము ఇప్పుడే తీయొద్దు, రంధ్రాల చుట్టూ మాత్రం ఊడదీయండి.
2. క్లాంపులు రెండువైపులా సమాన ఎత్తులో వదులుగా పెట్టండి.
3. గ్లాసుకూ బోల్టుకూ మధ్య రెండు వైపులా రబ్బరు లేదా నైలాన్ వాషర్ తప్పనిసరి. ఇనుము నేరుగా ప్లాస్టిక్‌కు తగలకూడదు.
4. అన్ని బోల్టులూ చేత్తో తిప్పి ఎక్కించాకే స్పానర్ పట్టుకోండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే గ్లాసు మెలిపడుతుంది.
5. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించండి. రబ్బరు కాస్త నొక్కుకుంటే చాలు.
6. హ్యాండిల్ రెండువైపులా తిప్పి చూసి, ఫిల్ము మొత్తం తీసేయండి.

బోల్టు వదులు కాకూడదని మెకానిక్ థ్రెడ్‌లాక్ ద్రవం వేయబోతే ఆపండి. అది పాలీకార్బనేట్‌కు తగిలితే రంధ్రం చుట్టూ సాలెగూడులా పగుళ్ళు వస్తాయి. దానికి బదులు నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానివి) వాడమనండి. రంధ్రం బోల్టుకన్నా కొంచెం పెద్దగా ఉంటే "సరిపోలేదు" అనుకోవద్దు, ఎండకు ప్లాస్టిక్ వ్యాకోచించడానికి ఆ చోటు కావాలి.

10. మొదటి పరుగు, వచ్చే ఇబ్బందులు, సవరణలు

గాలి లేని పొద్దున, ఖాళీ రోడ్డు మీద 40, 60, 80 ఇలా మెట్లు మెట్లుగా పెంచండి. ఒక్కో మెట్టులో హ్యాండిల్ కుదురు చూడండి.

- హెల్మెట్ ఊగుతోంది, చెవుల్లో హోరు: కాలు పెగ్గుల మీద నుంచి రెండంగుళాలు లేచి చూడండి. లేస్తే తగ్గితే గ్లాసు మీకు పొడవు, దించండి లేదా వెనక్కి వాల్చండి. నడుం వంచి కిందికి దిగితే తగ్గితే గ్లాసు పొట్టి, ఒక మెట్టు పైకి లేపండి.
- వీపు వెనక నుంచి గాలి ముందుకు తోస్తోంది: గ్లాసు మరీ నిటారుగా ఉంది. వాలు పెంచండి, కింద సందు వదలండి.
- 70 దాటగానే హ్యాండిల్ వణుకు: వెంటనే వేగం తగ్గించండి. టైర్ల గాలి, స్టీరింగ్ బేరింగులు చూపించండి. అవి బాగుండి, గ్లాసు తీస్తే వణుకు పోతే ఆ గ్లాసు ఆ బండికి పెద్దది. బిగించి లాభం లేదు, మార్చాల్సిందే.
- టకటక శబ్దం: ఒక రబ్బరు పోయింది లేదా క్లాంపు వదులు.
- వెనక కూర్చున్నవాళ్ళకు గాలి ఎక్కువైంది: మీ తల మీదుగా వెళ్ళిన గాలి వాళ్ళ మీద దిగుతోంది. వాలు కొంచెం తగ్గించి చూడండి.

వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఇంకోసారి చూసుకోండి, రబ్బర్లు కుదురుకుని కాస్త వదులవుతాయి.

11. తుడవడం, మార్చడం

పొడిగుడ్డతో, న్యూస్ పేపర్‌తో, బంకులో ఉండే గుడ్డతో తుడవొద్దు. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్, పెట్రోలు, థిన్నర్ అసలు తగలనివ్వొద్దు, కోటింగ్ తెల్లగా మారుతుంది. పురుగులు ఎండిపోయి ఉంటే తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచండి, మెత్తబడ్డాక గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్ళతో, మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. గుండ్రంగా రుద్దొద్దు.

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా కొత్తది తీసుకోండి:

- రంధ్రం నుంచి అంచు వైపు పాకుతున్న పగులు
- రాత్రి ఎదురు లైటు పడినప్పుడు గ్లాసంతా తెల్లగా మసకబారడం
- పసుపు రంగు, లేదా కోటింగ్ పొరలుగా లేవడం
- వేలితో నొక్కితే కిర్రుమనడం

పగులు చివర చిన్న రంధ్రం చేస్తే ఆగుతుందని మెకానిక్కులు అంటారు. ఊళ్ళోకి తిరిగి రావడానికి అది పనికొస్తుంది. హైవే వేగంలో ఆ గ్లాసు వెనక కూర్చోవద్దు, విప్పి సంచిలో పెట్టుకుని గాలి తింటూ నెమ్మదిగా ఇంటికి రండి.